టీచర్ అవ్వాలనుంది, జీతం బాగా తగ్గుతుంది. ఇప్పుడే ఉద్యోగం మానేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 38. ఒక ప్రైవేటు బ్యాంకు ఆపరేషన్స్ విభాగంలో నాలుగేళ్ల ఐదు నెలలుగా పనిచేస్తున్నాను. అంతకుముందు వేరే సంస్థలో ఆరేళ్లు చేశాను. చేతికి నెలకు రూ.74,000 వస్తుంది. మా వారికి రూ.62,000. ఇంటి ఖర్చులు రూ.58,000, ఇంటి లోన్ ఈఎంఐ రూ.27,000, అమ్మావాళ్లకు పంపేది రూ.8,000. ఫండ్లలో నెలనెలా పెట్టే సిప్ రూ.15,000 కడుతున్నాం. ఎఫ్‌డీలు రూ.5.5 లక్షలు, ఈక్విటీ ఫండ్లు రూ.3.8 లక్షలు, రెండు పీఎఫ్ ఖాతాల్లో కలిపి రూ.6 లక్షలు ఉన్నాయి. బీఈడీ చేసి టీచర్ అవ్వాలని ఎప్పటి నుంచో కోరిక. కోర్సు రెండేళ్లు. ఫీజులు, పుస్తకాలు అన్నీ కలిపి లక్షన్నర. మొదట్లో జీతం రూ.28,000 దాకా రావచ్చు. క్లాసులు ఏడెనిమిది నెలల తర్వాత మొదలవుతాయి కానీ, ప్రవేశ పరీక్షకు చదువుకోవడానికి వచ్చే నెలే రిజైన్ చేద్దామనుకుంటున్నాను. పీఎఫ్ తీసి వాడుకోవచ్చా? ఎఫ్‌డీతో కొంత లోన్ తీర్చేస్తే టెన్షన్ తగ్గుతుందా? నాకు థైరాయిడ్ ఉంది, ఇన్సూరెన్స్ మొత్తం మా కంపెనీదే. పాజిటివ్‌గా ఉంటే అన్నీ అవే సర్దుకుంటాయని స్నేహితులంటున్నారు. మా వారు మాత్రం ముందు లెక్క చూపించమంటున్నారు.

జవాబు: మానేయొచ్చండి. వచ్చే నెల మాత్రం వద్దు.

మీ వారు లెక్క అడిగారంటే వద్దంటున్నట్టు కాదు. బహుశా ఈ ఇంట్లో మీ ఆలోచనను అందరికంటే సీరియస్‌గా తీసుకున్నది ఆయనే. కాబట్టి ఆ లెక్కతోనే మొదలుపెడదాం.

మీరు రాసిన ప్రకారం ఇంటికి వచ్చేది రూ.1,36,000, పోయేది రూ.93,000. మిగిలేది రూ.43,000. అందులో సిప్ రూ.15,000 తీసేస్తే ఇంకా రూ.28,000 ఉండాలి. ఆ డబ్బు ఎక్కడుంది? ప్రతి నెలా అంత మిగులుతుంటే నాలుగేళ్లలో ఎఫ్‌డీలు ఇప్పుడున్న దానికి రెట్టింపు దాటి ఉండేవి. అంటే మీ ఇంటి అసలు ఖర్చు రూ.93,000 కాదు, రూ.1,21,000కు దగ్గర్లో ఉండే అవకాశం ఎక్కువ. ఇది మీ ఒక్కరి విషయం కాదు. రెండు జీతాలు వచ్చే ఇళ్లలో దాదాపు ప్రతిసారీ ఇదే చూస్తాను. గత ఆరు నెలల బ్యాంకు, క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లు ఇద్దరూ కూర్చుని చూస్తే అసలు అంకె బయటపడుతుంది.

ఈ అంకె ఎందుకంత ముఖ్యమో చూడండి. మీ జీతం ఆగిపోయాక చూసుకోవాల్సింది మొత్తం ఖర్చును కాదు, మీ వారి జీతం పోను మిగిలే లోటును. ఖర్చు నిజంగానే రూ.93,000 అయితే నెలకు లోటు రూ.31,000. రెండేళ్ల కోర్సు, ఆ తర్వాత ఉద్యోగం వెతుక్కోవడానికి ఆరు నెలలు, మొత్తం 30 నెలలకు రూ.9.3 లక్షలు. కోర్సు ఖర్చు కలిపితే రూ.10.8 లక్షలు. ఖర్చు రూ.1,21,000 అయితే మాత్రం లోటు రూ.59,000 అవుతుంది. అప్పుడు అదే 30 నెలలకు, కోర్సుతో కలిపి, రూ.19 లక్షలు దాటుతుంది. మీ ఎఫ్‌డీలు, ఫండ్లు కలిపితే రూ.9.3 లక్షలే. పాజిటివ్‌గా ఉండమనే స్నేహితులకు ఈ తేడా కనబడదు, వాళ్ల తప్పూ కాదు. కానీ చేతిలో ఎన్ని నెలలకు సరిపడా డబ్బుందో తెలియకపోతే ఎంత ధైర్యవంతులైనా మొదటి సెమిస్టర్‌లోనే బెంబేలెత్తుతారు.

అందుకే ఉద్యోగంలో ఉండగానే టీచర్ జీవితాన్ని మొదలుపెట్టమంటాను. వచ్చే జీతం నుంచి మీ జీతంలో రూ.31,000 మాత్రమే ఇంట్లోకి రానివ్వండి. మిగతా రూ.43,000 జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి వెళ్లిపోవాలి. సిప్‌ను ప్రస్తుతానికి ఆపేయండి, ఆ సొమ్ము ఈ రూ.43,000లోనే ఉంది. ఏడు నెలలకు రూ.3 లక్షలు పోగవుతాయి. అంతకన్నా ముఖ్యం, ఆ ఖర్చుతో ఇల్లు నడుస్తుందో లేదో జీతం వస్తుండగానే తెలిసిపోతుంది. మూడో నెలలోనే చేతులెత్తేస్తే మీ కోరిక తప్పని అర్థం కాదు, తేదీ ఇంకా రాలేదని మాత్రమే.

ఏడు నెలలే ఎందుకన్నానంటే, గ్రాట్యుటీ. అంటే ఏళ్ల తరబడి పనిచేసినందుకు మానేసేటప్పుడు సంస్థ ఒకేసారి ఇచ్చే సొమ్ము. మీలాంటి పర్మనెంట్ ఉద్యోగులు సొంతంగా రాజీనామా చేస్తే అది చేతికి రావడానికి ఒకే సంస్థలో ఐదేళ్ల సర్వీసు నిండాలి. నాలుగేళ్ల 240 రోజులు చాలని కొన్ని కోర్టులు చెప్పిన మాట నిజమే, కానీ మీరింకా అక్కడికీ చేరలేదు. పైగా వెళ్లిపోయే ముందు హెచ్‌ఆర్‌తో ఆ వాదన పెట్టుకోవడం ఎందుకు? లెక్క ఇది: చివరి నెల బేసిక్ (మూల వేతనం), డీఏ (కరువు భత్యం) కలిపి 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. మీ బేసిక్ రూ.40,000 అనుకుంటే ఐదేళ్లకు రూ.1,15,000 పైమాటే. రూ.20 లక్షల వరకు పన్ను కూడా లేదు. మీ బీఈడీ ఖర్చులో ముప్పావు వంతు అక్కడే వచ్చేస్తోంది. నోటీసు కాలం కూడా సర్వీసులోకే వస్తుంది కాబట్టి, చివరి పని దినం ఐదేళ్లు దాటాక పడేలా లెక్కేసుకుని రాజీనామా ఇవ్వండి. ప్రవేశ పరీక్షకు మీ దగ్గరున్న సెలవులు వాడుకోండి.

ఇప్పుడు మొత్తం చూద్దాం. ఉన్నది రూ.9.3 లక్షలు, ఏడు నెలల పొదుపు రూ.3 లక్షలు, గ్రాట్యుటీ రూ.1.15 లక్షలు. దాదాపు రూ.13.45 లక్షలు. కావాల్సింది రూ.10.8 లక్షలు. చేతిలో రూ.2.65 లక్షలు మిగులుతాయి. మరీ ఎక్కువేం కాదు, ఇంటి ఖర్చుకు మూడు నెలలకు కూడా పూర్తిగా రాదు. కానీ పీఎఫ్ ముట్టుకోకుండా బయటపడతారు.

పీఎఫ్ విషయంలో నేను కాస్త మొండిగానే ఉంటాను. 2024-25కు పీఎఫ్ వడ్డీ 8.25 శాతం. సగటున 8 శాతమే వస్తుందనుకున్నా, ఇప్పటి రూ.6 లక్షలు 20 ఏళ్లలో, అంటే మీకు 58 వచ్చేసరికి, దాదాపు రూ.28 లక్షలవుతాయి. ఉద్యోగం మానేశాక జమయ్యే వడ్డీ మీద పన్ను పడుతుంది, అయినా సరే ఉంచండి. చేయాల్సిన పని ఇంకొకటుంది. పాత సంస్థ ఖాతాను ఇప్పటి ఖాతాలోకి ఇప్పుడే ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి. అప్పుడు రెండు చోట్లా చేసిన సర్వీసు కలుస్తుంది. ఐదేళ్ల సర్వీసు లేకుండా పీఎఫ్ తీస్తే పడే పన్ను బెడద ఉండదు. రెండు చోట్లా పీఎఫ్‌తో పాటు ఉండే పెన్షన్ పథకం ఈపీఎస్‌లో సభ్యత్వం ఉంటే పదేళ్లు దాటి పెన్షన్‌కు అర్హత కూడా వస్తుంది. టీచర్‌గా చేరే స్కూల్లో పీఎఫ్ ఉంటే అదే యూఏఎన్ (పీఎఫ్ సభ్యుల నంబరు) కొనసాగించవచ్చు.

ఎఫ్‌డీతో లోన్ తీర్చొద్దు. లోన్‌లో కట్టిన డబ్బు అవసరమొచ్చినప్పుడు వెనక్కి రాదు, జీతం స్లిప్పు లేని రోజుల్లో కొత్త లోన్ దొరకడం కష్టం. వడ్డీ రేటు తగ్గించమని అడగాలన్నా, వేరే బ్యాంకుకు మారాలన్నా ఉద్యోగంలో ఉన్నప్పుడే చేసేయండి. ఫండ్లలోని డబ్బు రెండేళ్లలో ఖర్చయ్యేదే కాబట్టి దాన్ని మార్కెట్‌కు వదిలేయకూడదు. కోర్సు మొదలయ్యేలోపు విడతలుగా ఎఫ్‌డీలోకి మార్చుకోండి. ఏడాది దాటిన ఈక్విటీ ఫండ్ల మీద ఒక ఆర్థిక సంవత్సరంలో రూ.1.25 లక్షల వరకు లాభానికి పన్ను లేదు.

ఇన్సూరెన్స్ మాత్రం ఈ వారమే చూడండి. కంపెనీ పాలసీ సాధారణంగా మీ చివరి పని దినంతోనే ముగుస్తుంది. సొంతంగా తీసుకునే ఫ్యామిలీ పాలసీలో ప్రమాదాలు తప్ప మిగతా వాటికి మొదటి 30 రోజులు క్లెయిమ్ ఉండదు. ముందే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల వరకు ఆగాల్సి రావచ్చు. ఆ గడియారం పాలసీ తీసుకున్న రోజు నుంచే మొదలవుతుంది కాబట్టి ఉద్యోగంలో ఉండగానే కొనండి, థైరాయిడ్ సంగతి దాచకుండా రాయండి. వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. ప్రీమియంను పైన చెప్పిన లోటులో నేను కలపలేదు, మీరు కలుపుకోండి. మీ వారి టర్మ్ పాలసీ (జీవిత బీమా) గురించి ఏమీ రాయలేదు. ఇకపై ఇల్లు ఆయన జీతం మీదే నడుస్తుంది గనుక, లేకపోతే అది కూడా వెంటనే తీసుకోవాలి.

ఇక ఎవరూ మాట్లాడని అసలు విషయం. కోర్సు అయిపోయి, మీరనుకున్న రూ.28,000 ఉద్యోగం వచ్చాక కూడా ఇంటికి వచ్చేది రూ.90,000, పోయేది రూ.93,000. నెలకు మూడు వేలు తక్కువే, పొదుపు సున్నా. ఇది రెండేళ్ల కష్టం కాదు, కొన్నేళ్ల పాటు తక్కువ ఖర్చుతో బతకడానికి ఒప్పుకోవడం. దీన్ని ఇద్దరూ ఇప్పుడే మాట్లాడుకోవాలి. మీకు అనుకూలమైనదీ ఒకటుంది. పదేళ్లకు పైగా ఉద్యోగ అనుభవం ఉన్నవారు క్లాసుల తర్వాత అకౌంట్స్ పనో, కామర్స్ ట్యూషన్లో చేసి నెలకు రూ.8,000 తెచ్చుకోగలిగితే, రెండేళ్లలో లోటు రూ.1.92 లక్షలు తగ్గుతుంది.

డబ్బుతో సంబంధం లేని సలహా ఒకటి, కావాలంటే వదిలేయండి. ఈ ఏడు నెలల్లో సెలవు రోజుల్లో ఎక్కడైనా పిల్లలకు పాఠం చెప్పి చూడండి. పోనుపోను ఉత్సాహం పెరుగుతోందా, లేక బ్యాంకు పని మీద విసుగే ఇన్నాళ్లూ టీచర్ కోరికలా అనిపించిందా అన్నది అక్కడ తెలుస్తుంది. రెండోదే అయితే వేరే బ్యాంకుకు మారితే సరిపోతుంది, రూ.10 లక్షలు మిగులుతాయి.

రాజీనామా ఇచ్చే ముందు మీ చేరిన తేదీ హెచ్‌ఆర్ రికార్డుల్లో సరిగ్గా ఉందో లేదో మెయిల్‌లో రాయించుకోండి. మిగిలిన సెలవుల డబ్బు ఎంతో, గ్రాట్యుటీ ఎప్పుడు వేస్తారో అదే మెయిల్‌లో అడగండి. గ్రాట్యుటీని 30 రోజుల్లోపు చెల్లించాలన్నది చట్టం.