కొచ్చిలో పాత తెరచాప పడవ కొని గోదావరి మొగకి తేవచ్చా?

మీరు రాసింది ఇదీ: 1984లో కట్టిన 31 అడుగుల ఫైబర్ తెరచాప పడవ కొచ్చిలో అమ్మకానికి ఉంది, 9 లక్షలు అడుగుతున్నారు, అడుగున ఒకటే లోతైన కీల్ (పడవ ఒరిగిపోకుండా కింద ఉండే బరువైన రెక్క), నీళ్లలోకి 1.7 మీటర్లు దిగుతుంది. దాన్ని యానాం దగ్గరో కాకినాడలోనో పెట్టుకుని సెలవులకి ఇంటిల్లిపాదీ సముద్రం మీద తిరగాలని మీ కోరిక. కొనొచ్చా అని అడిగారు.

ఆ పడవ వద్దండి. కోరిక మాత్రం వదులుకోవద్దు.

నాది తాళ్లరేవు వైపు. 1970ల నాటి ఇంగ్లండ్ పడవ ఒకటి చాలా ఏళ్లుగా ఇక్కడి ఉప్పుటేట్లో కట్టి ఉంచుతున్నాను. మీ ప్రశ్నకి మొదటి జవాబు పడవలో లేదు, అది ఉండబోయే చోట్లో ఉంది. మన డెల్టాలో మెరీనా (ఇలాంటి పడవలు కట్టుకునే రేవు) లేదు, తెరచాప పడవని ఎత్తి గట్టు మీద పెట్టే లిఫ్టు లేదు. బాగోగులన్నీ పోటూ పాటుల మీదే జరగాలి. అమావాస్యకీ పున్నమికీ కూడా మనకి నీరు ఎక్కి దిగేది ఒకటిన్నర మీటరుకి అటూ ఇటూ. 1.7 మీటర్ల కీల్ పాటులో బురదలో దిగబడితే పడవ పక్కకి ఒరిగిపోతుంది. మళ్లీ పోటు వచ్చేసరికి బురద పట్టు వదలకపోతే, పడవ లేచే లోపే నీళ్లు కాక్‌పిట్‌లోకి, అంటే మనం కూర్చుని నడిపే చోటులోకి వచ్చేస్తాయి.

కాకినాడ అఖాతానికి హోప్ ఐలాండ్ ఇసుకదిబ్బ అడ్డుగా ఉంది కాబట్టి లోపల అల తక్కువే. కానీ ఆ అడ్డు గోదావరి ఒండ్రుని కూడా లోపలే పట్టి ఉంచుతుంది. పోర్టు వైపు లోతుంటుంది, దక్షిణాన మడ అడవుల వైపు వచ్చేకొద్దీ అంతా మెరకే. ఇక మొగల సంగతి చెప్పనక్కర్లేదు. భైరవపాలెం కానివ్వండి, అంతర్వేది కానివ్వండి, వరద తీశాక ఇసుక మేటలు చోటు మారిపోతాయి. పుట్టినప్పటి నుంచీ అక్కడే వేట చేసేవాళ్లు కూడా వరద తర్వాత మొదటిసారి గడ వేసి లోతు చూసుకుంటూ వెళ్తారు. ఫోన్లో మ్యాప్ చూసుకుంటూ మాత్రం మొగ దాటకండి.

అందుకే మన నీళ్లకి రెండు కీళ్ల పడవ, అంటే రెండు కీల్‌లున్న పడవ కావాలి. అడుగున అటొకటి ఇటొకటి పొట్టి కీళ్లు ఉంటాయి, పాటుకి నీరు లాగేస్తే తన కాళ్ల మీద తానే నిలబడుతుంది. ఇంగ్లండ్‌లో వెస్టర్లీ సెంటార్ అని 1969 నుంచి 1980 దాకా 2,000 పైచిలుకు కట్టారు. 26 అడుగుల పడవ, నీళ్లలోకి దిగేది 3 అడుగులే. ఆ రకంలో కీళ్లు అతికిన చోట పాతబడ్డాక బలహీనపడతాయని పేరుంది, లోపల అదనంగా ఫైబర్ వేసి బిగించారో లేదో అడగాలి. నాదీ రెండు కీళ్లదే. గుల్లలు గీకాలంటే పెద్ద పోటుకి గట్టి ఇసుక మీదికి ఎక్కించి, పాటులో మోకాళ్ల దాకా దిగి గీకేస్తాం. మళ్లీ పోటుకి తేలుతుంది.

ఇక పాత ఫైబర్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన నీళ్ల గుణం అందరికీ తెలియదు. ఆ కాలపు పడవలన్నీ దాదాపు పాలియెస్టర్ రెసిన్‌తో చేసినవి. ఏళ్ల తరబడి నీళ్లలో ఉంటే పైపూత లోంచి నీరు మెల్లగా ఇంకి, లోపల రెసిన్‌లో మిగిలిన రసాయనాలతో కలిసి బొబ్బలు లేపుతుంది. దీన్నే ఆస్మోసిస్ అంటారు. బొబ్బని మేకుతో పొడిస్తే జిగట నీరు కారుతుంది, వెనిగర్ లాంటి పుల్లటి వాసన వేస్తుంది. ఉప్పునీటిలో కంటే మంచినీటిలో ఇది ఎక్కువ, చల్లని నీటిలో కంటే వేడి నీటిలో ఇంకా ఎక్కువ. మనకి రెండూ ఉన్నాయి. జులై, ఆగస్టుల్లో ధవళేశ్వరం నుంచి ఎర్రనీరు వదిలాక ఉప్పుటేరు కూడా మంచినీరైపోతుంది. ఆ రోజుల్లో పడవకి అంటిన గుల్లలు చచ్చి వాటంతట అవే రాలిపోతాయి. పాతకాలం చెక్క పడవల వాళ్లు ఇందుకోసమే పడవని మంచినీళ్లలోకి తెచ్చి కట్టేవారు. చెక్కకి మేలు చేసిన ఆ నీరే పాత ఫైబర్‌కి చెరుపు చేస్తుంది. కాబట్టి వరద నెలల్లో పడవ గట్టు మీదే ఉండాలి, అడుగు ఎండాలి. ముందు అందుకు గట్టు మీద చోటు మాట్లాడుకోండి. కాకినాడలో ఫైబర్ తెప్పలు చేసే పనివాళ్ల చెయ్యి మంచిదే, కానీ వాళ్లు వాడేది పాలియెస్టరే. పాత ఫైబర్ మీద కొత్త పాలియెస్టర్ గట్టిగా పట్టదు, ఎపాక్సీ అనే ఇంకో రకం రెసిన్ పడుతుంది. డబ్బాలు మీరే కొనిచ్చి చేయించుకోండి.

బొబ్బలు ఉన్నంత మాత్రాన పడవ పాడైపోయినట్టు కాదు. నన్నడిగితే వాటికంటే డెక్‌కే, అంటే మనం నడిచే పైభాగానికే ఎక్కువ భయపడాలి. చాలా పాత పడవల్లో డెక్ అంటే రెండు ఫైబర్ పొరలూ, మధ్యలో బాల్సా చెక్కా. బోల్టుల చుట్టూ ఉన్న సీలెంట్ ఎండి పగిలితే వాననీరు ఆ చెక్కలోకి దిగి కుళ్లబెడుతుంది. బయటికి ఏమీ కనిపించదు. నా పడవ కొనేముందు మా ఊరి వడ్రంగి మేస్త్రిని తీసుకెళ్లాను. తాళ్లరేవులో చెక్క పడవలు కట్టిన చేతులవి, ఫైబర్ ఆయనకి కొత్త. చిన్న సుత్తి పిడి వైపు పట్టుకుని, ముక్కు దగ్గర మొదలుపెట్టి జానెడు జానెడు దూరంలో కొట్టుకుంటూ వచ్చాడు. టక్, టక్ అంటూ వస్తున్న శబ్దం మాస్ట్ (తెరచాప స్తంభం) పక్కన ఒక్కసారి డబ్ మని పడిపోయింది. సుద్దముక్కతో దాని చుట్టూ గీత గీశాడు. పూర్తయ్యేసరికి డెక్ మీద నాలుగు గీతలు, అన్నీ ఏదో ఒక బోల్టు చుట్టూనే. అమ్మే ఆయన కూడా పక్కనే నిలబడి విన్నాడు. ధర దగ్గర ఇక పెద్దగా వాదన లేకుండా పోయింది.

తర్వాత చూడాల్సింది మాస్ట్‌ని నిలబెట్టే తీగలు, వాటిని పడవకి పట్టి ఉంచే స్టీలు పట్టీలు. తీగలు పదేళ్లు దాటి ఉంటే, చూడ్డానికి మెరుస్తున్నా సరే, కొత్తవి వేయించాలని లెక్క వేసుకోండి. పట్టీలు డెక్ లోంచి దిగే చోట గాలి తగలదు, తడి మాత్రం ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు లోలోపల తినేసేది అక్కడే. ఒక పట్టీని విప్పించి, తుడిచి, భూతద్దంతో చూడండి. గోధుమ రంగు మరక మధ్యలో వెంట్రుక లాంటి గీత కనిపిస్తే అది చీలిక. ఒక్కదాంట్లో ఉన్నా అన్నీ మార్చాల్సిందే.

అడుగున నీళ్లు వచ్చి పోయే వాల్వులు ఇత్తడివైతే ఉప్పునీటికి అందులోని జింకు కరిగిపోయి గులాబీ రంగుకి తిరుగుతాయి, చేత్తో తిప్పితే విరుగుతాయి. హార్డ్‌వేర్ షాపు ఇత్తడి వాల్వు ఎంత చవకైనా పెట్టొద్దు, కంచువి తెప్పించుకోండి. చుక్కాని లోపల నీరు చేరిందేమో, కీల్ అతుకు దగ్గర తుప్పు కారిందేమో పడవ ఎత్తాక తెలుస్తుంది. ఇంజన్ చల్లటిది స్టార్ట్ చేయించండి, మీరు వెళ్లేసరికే వేడెక్కి ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పండి. కాకినాడ హార్బర్ మెకానిక్కులు ట్రాలర్లకి వేసిన లేలాండ్ ఇంజన్లని కళ్లు మూసుకుని విప్పుతారు గానీ, చిన్న జపాన్ ఇంజన్ సామాన్లకి ఎదురుచూడక తప్పదు. మన ఒండ్రు నీటికి ఇంపెల్లర్ (ఇంజన్ చల్లబడడానికి నీళ్లు తోడే రబ్బరు చక్రం) త్వరగా అరుగుతుంది, గుర్రపుడెక్క నీటి దారికి అడ్డం పడుతుంది. రెండు ఇంపెల్లర్లు పడవలోనే ఉంచుకోవాలి.

కొచ్చి నుంచి తేవడం అసలు ధరకి తీసిపోని ఖర్చు. సముద్రం మీద అంటే పాంబన్ వంతెన ఎత్తించుకుని ఆ కాలవలోంచి రావాలి, లేదా శ్రీలంక చుట్టూ తిరిగి రావాలి. రోడ్డు మీదైతే 31 అడుగుల పడవ వెడల్పు 3 మీటర్లకి దగ్గరగా ఉంటుంది. మన రోడ్ల మీద వాహనానికి మామూలు హద్దు 2.6 మీటర్లు కాబట్టి ప్రత్యేక అనుమతి కావాలి, రెండు వైపులా క్రేన్లు కావాలి, మాస్ట్ దించాలి. కాగితాల్లో ముఖ్యమైనది బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతికి కస్టమ్స్‌లో దాఖలు చేసే పత్రం. విదేశీయులు వదిలి వెళ్లిన పడవైతే కస్టమ్స్ సుంకం కట్టినట్టు రుజువు లేకుండా అడ్వాన్సు కూడా ఇవ్వకండి. మరో మాట: యానాం నుంచి పైకి వెళ్దామనుకుంటే ఎదుర్లంక వంతెన ఉంది, ఏటి మీదుగా కరెంటు తీగలున్నాయి. అల్యూమినియం మాస్ట్ తీగకి తగిలితే ప్రాణాలకే ముప్పు. మాస్ట్‌ని మడతబెట్టి దించుకునే ఏర్పాటు ఉన్న పడవైతే మనకి మరీ మంచిది.

తుఫాను గురించి మీరు అడగలేదు, నేను చెప్పకుండా ఉండలేను. 1996 నవంబర్ 6 రాత్రి ఇక్కడున్న వాళ్లెవరూ అప్పటి తుఫాన్ని మర్చిపోలేదు. మే నెలలోనూ, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకానూ అల్పపీడనం అన్న మాట వినపడగానే పని మొదలుపెట్టాలి, పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేసే దాకా ఆగితే మనుషులు దొరకరు. తెరచాపలన్నీ విప్పి ఇంటికి తెచ్చేయండి. ముందరి తెరచాప చుట్టి ఉంది కదా అని వదిలేస్తే గాలికి విప్పుకుని మాస్ట్‌నే లాగేస్తుంది. మడ చెట్ల మధ్య పాయల్లో పడవ నిలబడుతుంది గానీ కోరింగ అభయారణ్యం లోపల కట్టడానికి అటవీ శాఖని ముందే అడిగి ఉంచుకోవాలి. అన్నిటికంటే ముందు మాట, మీరు పడవలో ఉండొద్దు.

ఇంత చెప్పాక కూడా ఆ కొచ్చి పడవే కావాలనిపిస్తే, దాన్ని కొచ్చిలోనే ఉంచుకోండి, అక్కడ మెరీనా ఉంది, లోతుంది. ఏది కొన్నా, మీ ఖర్చుతో పడవని నీళ్లలోంచి ఎత్తించి సర్వేయర్‌తో (పడవల్ని పరీక్షించే నిపుణుడితో) చూపించాకే మిగతా డబ్బు ఇస్తానని ఒప్పందంలో రాయించండి. దానికి ఒప్పుకోని వాళ్ల దగ్గర కొనకండి. కొన్న ధరకి సమానమైన డబ్బు మొదటి రెండేళ్ల కోసం విడిగా తీసి పెట్టుకోండి. లేదూ మన నీళ్లలోనే తిరగాలి అంటే, రెండు కీళ్లదో, కీల్ పైకి లేచేదో దొరికేదాకా ఆగండి. ఈలోపు సంక్రాంతి వెళ్లాక మా వైపు రండి. ఆ నెలల్లో సముద్రం మెత్తగా ఉంటుంది. ఇంట్లో వాళ్లని కూడా తీసుకురండి, వాళ్లకి కడుపులో తిప్పుతుందో లేదో కొనకముందే తెలియాలి.