నెలసరి సరిగా రానివాళ్లు డెలివరీ తేదీకి ఏ లెక్క పట్టుకోవాలి?

కడుపుతో ఉన్నానని, ఉద్యోగం చేస్తున్నానని, పురిటికి ప్రొద్దుటూరు వెళ్లాలని, నెలసరి మాత్రం ఒకసారి 38 రోజులకు, ఇంకోసారి 55 రోజులకు వచ్చేదని మీరు అడిగారు. ఫోన్‌లో యాప్ ఒక డెలివరీ తేదీ చూపిస్తోంది, ఎనిమిదో వారంలో తీసిన స్కాన్ రిపోర్టులో ఇంకో తేదీ ఉంది, గుంతకల్లులో మీ అత్తగారు వేళ్ల మీద లెక్కేసి మూడో తేదీ చెబుతున్నారు. వీటిలో ఏది నమ్మాలన్నదే కదా ప్రశ్న? ఆ మొదటి స్కాన్ తేదీనే పట్టుకోండి. నాదీ పీసీఓడీ (అండం సమయానికి విడుదల కాక నెలసరి తప్పే సమస్య) ఒళ్లే, అనంతపురంలోనే ఈ గొడవంతా పడ్డాను.

యాప్ చేసేది చిన్న లెక్క. చివరి నెలసరి మొదటి రోజుకు 280 రోజులు కలుపుతుంది, అంతే. నేగెలె అనే జర్మన్ డాక్టర్ పేరుతో రెండు వందల ఏళ్లుగా వాడుతున్న సూత్రం ఇది. మా అవ్వ చెప్పే 'తొమ్మిది నెలల తొమ్మిది రోజులు' కూడా దీనికి రెండు రోజులే అటూఇటూ, కాబట్టి పెద్దవాళ్ల లెక్కను మరీ తీసిపారేయలేం. చిక్కంతా ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్న దగ్గరే. ఈ సూత్రం అందరికీ 28 రోజులకు నెలసరి వస్తుందని, 14వ రోజున అండం విడుదలవుతుందని అనుకుంటుంది. నిజానికి అండం విడుదలయ్యాక తర్వాతి నెలసరికి పట్టేది ఎవరికైనా దాదాపు రెండు వారాలే. ఆలస్యమంతా అంతకుముందే జరుగుతుంది. 45 రోజులకు నెలసరి రావాల్సిన సైకిల్‌లో అండం 31వ రోజు ప్రాంతంలో విడుదలవుతుంది. అంటే ఇంకా కడుపులో పడని బిడ్డకు యాప్ రెండు వారాలకు పైగా వయసు వేసేస్తోందన్నమాట. ఎప్పుడూ కచ్చితంగా 35 రోజులకే వచ్చేవాళ్లయితే ఏడు రోజులు కలుపుకుంటే సరిపోతుంది. మనకు ఆ వీలు లేదు. ఈసారి ఎన్ని రోజులకు వచ్చేదో ఎవరికి తెలుసు?

మొదటి మూడు నెలల స్కాన్‌లో బిడ్డను తల నుంచి పిరుదుల దాకా కొలుస్తారు. రిపోర్టులో సీఆర్ఎల్ అని ఉండేది అదే. ఆ వయసులో పిండాలన్నీ ఇంచుమించు ఒకే వేగంతో పెరుగుతాయి కాబట్టి ఈ కొలత ఐదు నుంచి ఏడు రోజుల తేడాలోపు వయసు చెప్పేస్తుంది. ఉదాహరణకు, ఒకామెకు చివరి నెలసరి 2025 జనవరి 10న వచ్చిందనుకోండి. యాప్ ప్రకారం డెలివరీ అక్టోబర్ 17. మార్చి 22న స్కాన్ తీస్తే బిడ్డ సరిగ్గా 8 వారాలుంది, కానీ నెలసరి లెక్కన 10 వారాలు దాటి ఉండాలి. నెలసరి లెక్కన తొమ్మిది నుంచి పద్నాలుగు వారాల లోపు ఉన్నప్పుడు తేడా ఏడు రోజులు దాటితే డాక్టర్లు స్కాన్ తేదీకే మారుస్తారు. ఇక్కడ పదిహేను రోజులుంది. అప్పుడు డెలివరీ తేదీ నవంబర్ 1 అవుతుంది.

మనలాంటి వాళ్లను అసలు భయపెట్టేది ఈ తేడానే. సాయినగర్‌లో ఒక సెంటర్‌లో నాకు మొదటి స్కాన్ తీసినప్పుడు బిడ్డ ఉండే సంచి మాత్రమే కనిపించింది. "మీ డేట్ ప్రకారం ఈపాటికి హార్ట్‌బీట్ రావాలమ్మా" అని ఒక మాట అనేసి రిపోర్ట్ చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి అన్నం కూడా ముట్టలేదు. మా డాక్టరమ్మ మాత్రం నా పాత నెలసరి తేదీలన్నీ అడిగి, "నీకు అండమే ఆలస్యంగా విడుదలైంది, ఓ వారం పైన ఆగి మళ్లీ తీద్దాం" అన్నారు. ఆ రెండో స్కాన్‌లో గుండె టకటకా కొట్టుకుంటూ కనిపించింది. గుండె చప్పుడు కనబడేది స్కాన్ లెక్కన ఆరు వారాల దగ్గర. అందుకే నెలసరి సరిగా రానివాళ్లు మొదటి స్కాన్‌కు మరీ తొందరపడకపోతేనే మంచిది. కడుపులో గట్టి నొప్పి గానీ, బ్లీడింగ్ గానీ ఉంటే మాత్రం తేదీల సంగతి పక్కనపెట్టి అదే రోజు వెళ్లాలి.

ఇంకో టెన్షన్ ముందుంది, ఇప్పుడే చెబుతున్నా. ఐదో నెలలో, ఎనిమిదో నెలలో తీసే ప్రతి స్కాన్ రిపోర్టులోనూ మెషీన్ ఒక కొత్త తేదీ వేస్తుంది. బిడ్డ కాస్త బొద్దుగా ఉంటే తేదీ ముందుకు వస్తుంది, సన్నగా ఉంటే వెనక్కి పోతుంది. చివరి మూడు నెలల్లో ఈ తేడా మూడు వారాల దాకా ఉండొచ్చు. అవి బిడ్డ పెరుగుదల చూసుకోవడానికే తప్ప తేదీ మార్చుకోవడానికి కాదు. ఆశా ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు మీద నెలసరి తేదీతో పాటు స్కాన్ ప్రకారం డెలివరీ తేదీ కూడా డాక్టర్ చేత రాయించుకోండి. ప్రతి నెలా 9న గవర్నమెంట్ ఆస్పత్రుల్లో జరిగే ఉచిత చెకప్‌కు వెళ్లినా, రాత్రిపూట కొత్త డాక్టర్ చూసినా, మొదట చూసేది ఆ కార్డే. మొదటి స్కాన్ రిపోర్ట్ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీటి మందం కొలిచే స్కాన్) అపాయింట్‌మెంట్ కూడా ఈ తేదీతోనే తీసుకోవాలి. అది 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపే పనికొస్తుంది, యాప్ లెక్కన వెళితే బిడ్డ ఇంకా చిన్నగా ఉందని తిప్పి పంపుతారు.

అండం విడుదల కావడానికి లెట్రోజోల్ లాంటి మాత్రలు వాడి, అండం ఎదుగుదల చూసే ఫాలిక్యులర్ స్కాన్‌లు చేయించుకున్నవాళ్లకు అండం విడుదలైన రోజు దాదాపు తెలిసే ఉంటుంది. దానికి 266 రోజులు (280లోంచి అండం విడుదలకు ముందు 14 రోజులు తీసేస్తే వచ్చేది) కలిపితే చాలు.

నెలలు నిండాక చుట్టాల ఫోన్లు వస్తాయి. నెలసరి లెక్కన నా తేదీ దాటిపోయేసరికి "ఇంకా కాలేదా?" అని రోజూ అడిగేవాళ్లు. ఒక నర్సు కూడా నొప్పులు రప్పించాలేమో అంది. మా డాక్టరమ్మ మొదటి స్కాన్ చూసి, ఇంకా నలభై వారాలే నిండలేదని ఆపారు. స్కాన్ తేదీ ఉన్న వారంలోనే కాన్పయింది. సరిగ్గా ఆ తేదీకే కనేవాళ్లు నూటికి నలుగురైదుగురే ఉంటారు, కాబట్టి ఒకటి రెండు రోజులకు కంగారుపడొద్దు. అదే స్కాన్ లెక్కన 41 వారాలొచ్చినా, బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించినా ఆగకుండా వెళ్లండి.

ఉద్యోగం చేస్తున్నారు కదా, సెలవు దరఖాస్తులోనూ ఈ తేదీనే రాయండి. 26 వారాల ప్రసూతి సెలవులో కాన్పుకు ముందు వాడుకోగలిగేది 8 వారాలే. సీమంతం సంగతంటారా, అది మీ అత్తగారి లెక్కనే కానివ్వండి, బిడ్డకు వచ్చే నష్టమేమీ లేదు. పురిటికి ప్రొద్దుటూరు వెళ్లేది ఎప్పుడో మాత్రం స్కాన్ తేదీ చూపించి డాక్టర్‌ను అడిగి పెట్టుకోండి.