జేజి చేతి వాచీ ఏ సంవత్సరానిది?

ప్రశ్న: మా జేజికి వాళ్లమ్మ ఇచ్చిన ఆడవాళ్ల బంగారు వాచీ మా ఇంట్లో భద్రంగా ఉంది. 1912లో వాళ్లమ్మ పెళ్లికి మద్రాసు నుంచి తెప్పించినదని పెద్దలు చెప్పేవారు. డయలు మీద కంపెనీ పేరు లేదు. వెనుక మూత లోపల 15, .625 అనే అంకెలు, గుర్రపు నాడా వంటి గుర్తు, ఇంగ్లీషు చిన్న అక్షరం 'జి', పక్కన 'జి.ఎస్.' అనే పొడి అక్షరాలు ఉన్నాయి. ఇక్కడి బంగారు అంగడిలో గీటురాయి మీద గీసి చూసి, పాత బంగారం లెక్కన తీసుకుంటామన్నారు. ఇది నిజంగా ఏ కాలానిది?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: దయచేసి ఆ వాచీని కరిగించడానికి ఇవ్వకండి. అంగడివారి మాటలో తప్పు లేదు. .625 అంటే వెయ్యి పాళ్లలో 625 పాళ్లు బంగారం, అనగా 15 క్యారెట్లు కాబట్టి, 22 క్యారెట్ల నగలు చూసే గీటురాయి మీద అది తక్కువగానే తేలుతుంది. వయసు తెలుసుకోవాలంటే మాత్రం ముద్రలనే చదవాలి.

నాడాలా కనిపించేది సింహరాశి గుర్తు. విదేశాల నుంచి వచ్చిన బంగారు, వెండి వస్తువులను పరీక్షించి వేయడానికి లండన్ పరీక్షాశాల 1906లో ఈ గుర్తును చేపట్టింది. 1907 జూన్ నుంచి బ్రిటన్‌కు దిగుమతి అయ్యే వాచీల కేసులకు, అంటే మిషనును పట్టి ఉంచే బంగారు, వెండి పెట్టెలకు, ఆ పరీక్ష తప్పనిసరి అయింది. 'జి' సంవత్సరాన్ని సూచించే అక్షరం. లండన్‌లో 'జె'ను వదిలి 'ఎ' నుంచి 'యు' వరకు ఇరవై అక్షరాలను ఏడాదికి ఒకటి చొప్పున వాడేవారు కనుక, ఒకే అక్షరం ఇరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తుంది. ఆ లెక్కన 'జి' 1902కు, 1922కు, 1942కు చెందవచ్చు. 1902 నాటికి సింహరాశి గుర్తు లేదు. 15 క్యారెట్ల ప్రమాణాన్ని బ్రిటన్ 1932లో రద్దు చేసి దాని స్థానంలో 14 క్యారెట్లను తెచ్చింది, పైగా 1942 నాటిది పెద్ద అక్షరం. కాబట్టి మిగిలేది 1922 ఒక్కటే. అక్షరం మే నెలాఖరులో మారేది కనుక, మీ వాచీ కేసు 1922 మే చివరికీ 1923 మే చివరికీ మధ్య పరీక్షకు వెళ్లినదని నమ్మకంగా చెప్పవచ్చు.

దీన్నిబట్టి 1912 పెళ్లి మాట నిలవదు. అంతమాత్రాన పెద్దల మాటను పూర్తిగా కొట్టివేయనక్కరలేదు. పెళ్లికి కాక, ఆ తరువాత మరో శుభకార్యానికి వచ్చి ఉండవచ్చు; ఇళ్లలో ఇటువంటి తేదీలు పెళ్లి చుట్టూ చేరడం సహజమే.

'జి.ఎస్.' తయారీదారు పేరని అనుకోకండి. కేసును పరీక్షకు సమర్పించిన లండన్ ఏజెంటు పొడి అక్షరాలవి. ఆ రోజుల్లో జార్జ్ స్టాక్‌వెల్ సంస్థ అనేక స్విస్ కంపెనీల వాచీలకు ఈ పని చేసేది కనుక, అవే అక్షరాలు వేర్వేరు కంపెనీల వాచీలలో కనిపిస్తాయి. అప్పటి స్విట్జర్లాండ్ ముద్రలు వేరుగా ఉండేవి: అక్కడ 18 క్యారెట్లకు స్త్రీ తల, 14 క్యారెట్లకు ఉడుత.

ఇంతవరకు చెప్పినది కేసు వయసు. లోపలి మిషను కూడా అప్పటిదేనా అన్నది వేరే ప్రశ్న, ఎందుకంటే పాడైన మిషను తీసి మరొకటి బిగించడం మెకానిక్కులకు మామూలే. అనుభవమున్న మెకానిక్కు చేత మూత తీయించి, వాడని స్క్రూ రంధ్రాలు ఉన్నాయేమో, కీ తిప్పే గుండీ కేసు రంధ్రంలో సరిగ్గా మధ్యన కూర్చున్నదో లేదో చూడండి. మిషను తయారుచేసిన కంపెనీ గుర్తు తరచుగా డయలు కింద దాగి ఉంటుంది. పట్టీ తగిలించే తీగలు కేసుకు అతికి ఉంటే అది 1920ల నాటి పద్ధతికి సరిపోతుంది. ఊడదీయగలిగే స్ప్రింగు కడ్డీలు ఎక్కువగా 1930ల నుంచి వాడుకలోకి వచ్చాయి.

మూతను వంటింటి కత్తితో ఎప్పుడూ తెరవకండి. మెరుగు పెట్టించడం కూడా వద్దు. దాని వల్ల ముద్రలు అరిగిపోతాయి. చీకట్లో మెరిసే పాత అంకెలుంటే వాటిలో రేడియం ఉండే అవకాశం ఉంది కాబట్టి, ఆ రంగును గోకనివ్వకండి.