డిస్నీ వరల్డ్‌కి ఇద్దరే మొదటిసారి: ఒకరికి రైడ్లంటే ప్రాణం, ఇంకొకరికి కళ్ళు తిరుగుతాయి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. విజయవాడ నుంచి మీరూ మీ ఆవిడా వచ్చే అక్టోబర్‌లో మొదటిసారి అమెరికా వెళ్తున్నారు. ముందు ఓర్లాండో, ఆ తర్వాత అట్లాంటాలో మీ అక్కావాళ్ళిల్లు. ట్రావెల్స్ వాళ్ళు డిస్నీ ఒక రోజు, యూనివర్సల్ (ఓర్లాండోలోనే ఉన్న వేరే రైడ్ల పార్కు) ఒక రోజు, కెన్నెడీ స్పేస్ సెంటర్ ఒక రోజు అంటూ ప్యాకేజీ చూపించారు. మీకు రోలర్ కోస్టర్లంటే ప్రాణం. ఆవిడకి జెయింట్ వీల్ ఎక్కినా కళ్ళు తిరుగుతాయి, పైగా గుడ్డు కూడా ముట్టరు. పిల్లలు లేకుండా అంత దూరం పోయి డిస్నీ చూడటం దండగని మీ మామగారి అభిప్రాయం.

నేను మీ ఆవిడ పార్టీ. మా ఆయన మీ పార్టీ. కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్పగలను.

ముందు ఆ ప్యాకేజీ పక్కన పెట్టండి. వాల్ట్ డిస్నీ వరల్డ్ అంటే ఒక పార్కు కాదండీ. సుమారు 25,000 ఎకరాల స్థలం, అంటే మన విజయవాడ కార్పొరేషన్ పరిధి కంటే పెద్దది. అందులో టికెట్ పెట్టి వెళ్ళే పెద్ద పార్కులే నాలుగు: 1971లో మొదలైన మ్యాజిక్ కింగ్డమ్, 1982 నాటి ఎప్‌కాట్, 1989లో వేరే పేరుతో తెరిచిన హాలీవుడ్ స్టూడియోస్, 1998 నాటి యానిమల్ కింగ్డమ్. ఇవి కాక నీళ్ళ పార్కులు, షాపింగ్ కోసం డిస్నీ స్ప్రింగ్స్. ఒక్క రోజంటే మ్యాజిక్ కింగ్డమ్‌లో కోట ముందు ఫోటో దిగి, క్యూల్లో నిలబడి, కాళ్ళు లాగుతుంటే బస్సెక్కడమే. నాలుగు పార్కులకి నాలుగు రోజులు, మధ్యలో ఏమీ పెట్టుకోని ఒక రోజు, మొత్తం ఐదు రోజులు ఇవ్వండి. టికెట్ కూడా ఎన్ని ఎక్కువ రోజులకి తీసుకుంటే రోజుకి పడే ఖర్చు అంత తగ్గుతుంది. ఒక్క రోజుకే కొంటే తేదీనీ పార్కునీ బట్టి మనిషికి సుమారు 120 నుంచి 200 డాలర్ల దాకా ఉంటుంది, పన్ను అదనం. యూనివర్సల్ ఈసారికి వదిలేయమంటాను. అక్కడ కోస్టర్లూ, తెర ముందు కూర్చోబెట్టి కుదిపేసే రైడ్లూ ఎక్కువ. ఆ రోజంతా ఆవిడ బెంచీ మీద మీ బ్యాగు కాపలా కాయాల్సి వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇంటర్నెట్‌లో దొరికే ప్లాన్లన్నీ పార్కు మ్యాపు ముందు పెట్టుకుని రాసినవి. మీరిద్దరూ మీ మనుషుల్ని ముందు పెట్టుకుని రాసుకోండి. ఒక సాయంత్రం కూర్చుని ఒక్కో రైడ్ వీడియో చూడండి, అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి. మూడు గుంపులు చేయండి: ఇద్దరూ ఎక్కేవి, మీరు ఒక్కరే ఎక్కేవి, ఎవరికీ అక్కర్లేనివి. ఈ పని ఇంట్లోనే అయిపోవాలి. అక్కడ గంట క్యూలో నిలబడ్డాక "ఎక్కుదామా వద్దా" అనే చర్చ మొదలైతే ఇద్దరి మొహాలూ మాడిపోతాయి.

వీడియోలు చూసేటప్పుడు ఆవిడది భయమా, కళ్ళు తిరగడమా అన్నది తేల్చుకోండి. రెండూ వేరు. భయం ఉన్నవాళ్ళు ఎత్తు నుంచి పడేవి మానుకుంటే చాలు. కళ్ళు తిరిగేవాళ్ళకి పెద్ద కోస్టర్ల కంటే సిమ్యులేటర్లు, అంటే తెర ముందు కూర్చోబెట్టి కుదిపే రైడ్లు, ఎక్కువ ఇబ్బంది పెట్టొచ్చు. యానిమల్ కింగ్డమ్‌లో అవతార్ ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్ అందరూ తప్పక ఎక్కమనే రైడ్. బైక్ మీద కూర్చున్నట్టు కూర్చోబెట్టి ఎదురుగా పెద్ద తెర చూపిస్తారు. చాలామందికి అదో అద్భుతం, నాకు మాత్రం కళ్ళు మూసుకుని కూర్చున్న రైడ్. ఎప్‌కాట్‌లో మిషన్ స్పేస్, హాలీవుడ్ స్టూడియోస్‌లో స్టార్ టూర్స్ కూడా ఆ కోవలోవే. కళ్ళు తిరగకుండా అవోమిన్ లాంటి మాత్ర వేసుకుందామనుకుంటే ముందే డాక్టర్‌ని అడగండి. దానితో నిద్ర ముంచుకొస్తుంది, జెట్ లాగ్‌తో కలిస్తే ఇక చెప్పక్కర్లేదు.

ఆవిడ హాయిగా ఎక్కగలిగినవి తక్కువేం కాదు. యానిమల్ కింగ్డమ్‌లోని కిలిమంజారో సఫారీస్‌లో తెరిచిన ట్రక్కులో తిప్పుతూ జిరాఫీలనీ, ఏనుగులనీ, సింహాలనీ చూపిస్తారు. పొద్దున్నే వెళ్తే జంతువులు చురుగ్గా ఉంటాయి. అక్కడిదే నావీ రివర్ జర్నీ నెమ్మదైన పడవ ప్రయాణం. మ్యాజిక్ కింగ్డమ్‌లో హాంటెడ్ మాన్షన్, పీటర్ పాన్స్ ఫ్లైట్, పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్ ఉన్నాయి. పైరేట్స్‌లో చీకట్లో ఒక చిన్న జారుడు తప్ప మిగతాదంతా సాఫీయే. ఎప్‌కాట్‌లో లివింగ్ విత్ ది ల్యాండ్ అని ఒక పడవ రైడ్ ఉంది, దాని గురించి ఎవరూ గొప్పగా చెప్పరు కానీ నాకు భలే నచ్చింది. గ్రీన్‌హౌస్‌ల మధ్య నుంచి తీసుకెళ్తారు. మట్టి లేకుండా పెంచిన టమాటాలూ, వంకాయలూ, గుమ్మడికాయలూ వేలాడుతుంటాయి. అక్కడ పండిన కూరగాయల్ని డిస్నీ రెస్టారెంట్లలో వాడతారు కూడా. పొలం ఉన్న ఇంటి నుంచి వచ్చినవాళ్ళెవరైనా ఇంకోసారి ఎక్కుతారు.

మీరు ఒక్కరే ఎక్కేటప్పుడు ఆవిడకి పక్కనే ఏముందో చూసి పెట్టండి. యానిమల్ కింగ్డమ్‌లో ఆసియా భాగానికి ఆనందపూర్ అని ఊహాజనితమైన పేరు పెట్టారు. పాత కోట గోడలూ, రంగు వెలిసిన బోర్డులూ, జెండాలూ చూస్తే మనకి కాస్త నవ్వూ వస్తుంది, ముచ్చటా వేస్తుంది. మీరు ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్ కోస్టర్ ఎక్కే లోపు ఆవిడ మహారాజా జంగిల్ ట్రెక్‌లో పులుల్ని చూసి రావచ్చు. ఎవరెస్ట్‌కి సింగిల్ రైడర్ లైన్ ఉంటుంది. ఒక్కరే ఎక్కేవాళ్ళని ఖాళీ సీట్లలో సర్దుతారు కాబట్టి చాలాసార్లు తొందరగా పని అయిపోతుంది. మ్యాజిక్ కింగ్డమ్‌లో మీరు ట్రాన్ కోస్టర్ ఎక్కుతుంటే ఆవిడ ఆ చుట్టుపక్కలే పీపుల్ మూవర్ ఎక్కొచ్చు. అది మెల్లగా పైపైన తిరుగుతూ స్పేస్ మౌంటెన్ అనే కోస్టర్ లోపల నుంచి కూడా వెళ్తుంది, చీకట్లో జనం అరుపులు వినిపిస్తాయి. ఎక్కకుండానే ఎక్కిన లెక్క. హాలీవుడ్ స్టూడియోస్ మాత్రం నాలుగింటిలో మీ ఆవిడకి తక్కువ గిట్టుబాటయ్యే పార్కు. రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్ ఇద్దరూ ఎక్కండి. చివర్లో ఒక చిన్న కుదుపు, దిగుడు తప్ప పెద్దగా ఇబ్బంది ఉండదు. మిక్కీ అండ్ మిన్నీస్ రన్‌అవే రైల్వే కూడా ఫర్వాలేదు. ఆ తర్వాత మీరు ఎత్తు నుంచి పడేసే టవర్ ఆఫ్ టెర్రర్‌కి, ఆవిడ స్టేజ్ షోలకి.

పార్కుల వరుస విషయంలో నా మాట కాస్త వినండి. అక్టోబర్‌లో ఓర్లాండో మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక. అక్కడ దిగిన మొదటి రెండు మూడు రోజులు తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చేస్తుంది, సాయంత్రం ఆరయ్యేసరికి కళ్ళు మూతలు పడతాయి. అందరూ జెట్ లాగ్‌ని తిట్టుకుంటారు కానీ డిస్నీలో పొద్దున్నే గేటు దగ్గర ఉండటానికి అంతకంటే మంచి అలారం లేదు. అందుకే మొదట యానిమల్ కింగ్డమ్‌కి వెళ్ళండి, అది పొద్దున్నే తెరిచి తొందరగా మూసేసే పార్కు. రెండోది హాలీవుడ్ స్టూడియోస్. మూడో రోజు ఖాళీగా ఉంచండి: ఈత కొలను, నిద్ర, బట్టలుతుక్కోవడం, డిస్నీ స్ప్రింగ్స్. తర్వాత ఎప్‌కాట్, చివర్లో మ్యాజిక్ కింగ్డమ్. ఈ రెండింటిలో అందం రాత్రిపూట. బాణసంచా వెలిగే వేళకి మీరు మేలుకుని ఉండాలి కదా. అట్లాంటా ముందు పెట్టుకుంటే ఈ లాభం పోతుంది, కాబట్టి మీరు అనుకున్నట్టు ఓర్లాండో ముందు ఉండటమే మంచిది. హైదరాబాద్ నుంచి ఎమిరేట్స్‌లో దుబాయ్‌లో ఒక్కసారి విమానం మారి నేరుగా ఓర్లాండోలో దిగొచ్చు.

మీ మామగారికి చెప్పాల్సిన జవాబు ఎప్‌కాట్ సాయంత్రమే. చెరువు చుట్టూ పదకొండు దేశాల పెవిలియన్లు (ఒక్కో దేశాన్ని తలపించే కట్టడాలు), సుమారు రెండు కిలోమీటర్ల నడక. పిల్లలతో ఉన్నవాళ్ళు అలిసిపోయి వెళ్ళిపోయే సమయానికి జపాన్‌లో షాపులు చూస్తూ, మొరాకోలో కూర్చుని, ఫ్రాన్స్‌లో ఏదో ఒకటి కొనుక్కుని తింటూ తిరగొచ్చు. శరదృతువులో ఫుడ్ అండ్ వైన్ ఫెస్టివల్ కూడా జరుగుతుంది, చిన్న చిన్న ప్లేట్లలో రకరకాలు దొరుకుతాయి. ఆవిడ తినేవి అందులో కొన్నే ఉంటాయనుకోండి.

అక్టోబర్ గురించి రెండు జాగ్రత్తలు. ఆ నెలలో మ్యాజిక్ కింగ్డమ్‌లో చాలా రాత్రులు విడిగా టికెట్ పెట్టి హాలోవీన్ పార్టీ చేస్తారు. ఆ రోజుల్లో మామూలు టికెట్ వాళ్ళని సాయంత్రం ఆరింటికే పంపించేస్తారు. పగలు రద్దీ తక్కువే కానీ మీకు బాణసంచా దక్కదు, తేదీలు చూసి పార్టీ లేని రోజు పెట్టుకోండి. రెండోది తుపానులు. సీజన్ నవంబర్ 30 దాకా ఉంటుంది. 2024 అక్టోబర్‌లో మిల్టన్ తుపాను వచ్చినప్పుడు పార్కులు మూసేశారు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

హోటల్ మాత్రం డిస్నీ వాళ్ళదే తీసుకోండి. బయట చవకగా దొరుకుతాయి, నిజమే. కానీ మీరు కారు నడపడం లేదంటున్నారు. చవక రకం డిస్నీ హోటళ్ళలో పాప్ సెంచరీ నా ఓటు. అక్కడి నుంచి స్కైలైనర్ అనే కేబుల్ కార్లలో ఎప్‌కాట్‌కీ, హాలీవుడ్ స్టూడియోస్‌కీ గాల్లో వెళ్ళిపోవచ్చు, మిగతా వాటికి ఉచిత బస్సులు. డిస్నీ హోటల్లో ఉన్నవాళ్ళని ఏ పార్కులోకైనా రోజూ అరగంట ముందు వదులుతారు. తొందరగా లేచే మీకు ఆ అరగంట బంగారం. ఎయిర్‌పోర్ట్ నుంచి ఒకప్పుడు ఉచిత బస్సు ఉండేది, 2022 నుంచి లేదు. ఊబర్ చూసుకోండి.

క్యూ తప్పించుకునే లైట్నింగ్ లేన్ పాస్ ధర రోజునీ పార్కునీ బట్టి మారుతుంది. ఇద్దరికీ కొనక్కర్లేదు, మనిషికి విడిగా కొనుక్కోవచ్చు. హాలీవుడ్ స్టూడియోస్‌లో మీకొక్కరికే తీసుకున్నా సరిపోవచ్చు, మ్యాజిక్ కింగ్డమ్‌లో మాత్రం ఇద్దరికీ తీసుకోండి. డిస్నీ హోటల్ అతిథులకి హోటల్లో దిగే రోజుకి ఏడు రోజుల ముందు నుంచి, అక్కడి ఉదయం ఏడింటికి బుకింగ్ మొదలవుతుంది. అంటే మనకి సాయంత్రం నాలుగున్నర, టీ తాగుతూ చేసుకోవచ్చు. రెస్టారెంట్ల బుకింగ్ 60 రోజుల ముందు. కార్డులో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసి పెట్టుకోండి, అమెరికా ఈసిమ్ ఇక్కడే కొనుక్కోండి. అక్కడ అన్నీ డిస్నీ యాప్‌లోనే కాబట్టి పవర్ బ్యాంక్ తప్పనిసరి.

రెస్టారెంట్లలో నేను ముందు బుక్ చేయమనేది ఒక్కటే. యానిమల్ కింగ్డమ్ లాడ్జ్‌లోని కిడానీ విలేజ్‌లో ఉన్న సనా. అక్కడ ఆఫ్రికా, భారత రుచులు కలిపి వండుతారు. బ్రెడ్ సర్వీస్ అడిగితే రకరకాల నాన్లు, పచ్చళ్ళతో ఒక పళ్ళెం తెస్తారు. కిటికీ అవతల జీబ్రాలు మేస్తుంటాయి. గుడ్డు వద్దని ఎక్కడైనా స్పష్టంగా చెప్పండి. ఉత్త "వెజిటేరియన్" అంటే వాళ్ళ లెక్కలో గుడ్డు ఉండొచ్చు, "వీగన్" అని అడిగితే గొడవ ఉండదు. కూర్చుని తినే చోట్ల అడిగితే షెఫ్ వచ్చి మాట్లాడతారు. పార్కుల్లోకి బయటి తిండి తీసుకెళ్ళనిస్తారు, గాజు సీసాలు తప్ప. జంతికలూ, కందిపొడీ పెట్టెలో పెట్టుకోండి, దిగాక కస్టమ్స్ వాళ్ళకి తిండి ఉందని చెప్పేయండి. పళ్ళు మాత్రం వద్దు. మంచినీళ్ళకి డబ్బులు పెట్టకండి, కూల్‌డ్రింక్ మెషిన్ ఉన్న కౌంటర్లలో అడిగితే ఐస్ నీళ్ళు ఊరికే ఇస్తారు.

వీసా ఇంకా రాలేదన్నారు కాబట్టి విమానం టికెట్ల జోలికి ఇప్పుడే పోవద్దు. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ స్లాట్ దొరకడమే పెద్ద పని. డిస్నీ టికెట్లు కొంటే డబ్బు తిరిగి రాదు, తేదీ మార్చుకోవచ్చు, ఆ రోజు ధర ఎక్కువుంటే తేడా కట్టాలి.

ఫోటో ప్యాకేజీ కొనాలా అని అడిగారు. అక్కర్లేదు. కోట ముందు నిలబడే డిస్నీ ఫోటోగ్రాఫర్లకి మీ ఫోన్ ఇస్తే దాంతోనూ ఒకటి తీసిపెడతారు. హోటల్ లాబీలో "మొదటిసారి వచ్చాం" అని రాసి ఉన్న బ్యాడ్జీలు ఉచితంగా ఇస్తారు, అవి పెట్టుకునే దిగండి. మీ పెళ్ళిరోజు ఆ వారంలో పడితే దానికీ వేరే బ్యాడ్జీ ఉంది.