ఆరో మాట చెప్పబోయే అబ్బాయికి

అబ్బాయ్, వందనాలు.

మొన్న ఫోన్ చేసి, "గుడ్ ఫ్రైడే కూటంలో, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో, నాకు ఆరో మాట ఇచ్చారు మామయ్యా, టెన్షన్‌గా ఉంది, ఏం చెప్పమంటారు" అన్నావు. అప్పుడు రావులపాలెం సెంటర్‌లో ఉన్నాను. బస్సుల హారన్లలో నువ్వు సగం విన్నావు, నేను సగం చెప్పాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్తాను. 1996 నవంబరు 6 తుఫాను నీకు తెలీదు, నువ్వింకా పుట్టలేదు. తెల్లారేసరికి కోనసీమలో కొబ్బరితోటలు చాపలా పడుకున్నాయి. తర్వాతి ఆదివారం గుడి పైకప్పు సగం లేకుండానే ఆరాధన పెట్టాం. నాకు అప్పట్లో నోరెక్కువ. ఇది మన పాపాలకి వచ్చిన దెబ్బ, సిలువ దగ్గరికి రండి, పశ్చాత్తాపపడండి అని ముప్పావుగంట దంచాను. అందరూ వెళ్ళిపోయాక ఒకావిడ స్తంభం పక్కన నిలబడి ఉంది. వాళ్ళాయన వేటకెళ్ళి తిరిగి రాలేదు. "అయ్యగారూ, మా ఆయన మీద దేవుడికి అంత కోపం ఎందుకండీ?" అంది.

నాకు జవాబు లేదు. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

వారం తర్వాత ఆవిడింటికి వెళ్ళాను. ప్రసంగం చెయ్యలేదు. గడప మీద కూర్చుని ఒక్క వచనం చదివాను: "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి." ఆవిడ కాసేపు ఊరుకుని, "ఆయన కూడా అలా అరిచాడా అండీ?" అంది. అరిచాడమ్మా అన్నాను. అప్పుడు ఏడ్చింది. తుఫాను తర్వాత ఆవిడ ఏడవడం అదే మొదటిసారని వాళ్ళ అత్తగారు తర్వాత చెప్పింది.

ఇదెందుకు చెప్తున్నానంటే, సిలువ ఒక్కటే గానీ దాని దగ్గరికి మనుషులు ఒక్క దారినే రారు. కువైట్‌లో భర్త, ఇక్కడ ముసలి అత్తమామలతో తను, అలా ఎనిమిదేళ్ళు గడిపినావిడకి "నా దేవా, నా దేవా" అన్న ఆ నాలుగో మాట కావాలి. కొడుకుని పోగొట్టుకున్న తల్లికి, "అమ్మా, యిదిగో నీ కుమారుడు" అన్న మూడో మాట కావాలి. పాపం, పాపం అని అందరికీ ఒకటే మందు రాసిస్తే, మొహం చూడకుండా చీటీ రాసే డాక్టరుకీ మనకీ తేడా ఏముంది? పాపం గురించి చెప్పొద్దనడం లేదు. దానికే వస్తున్నాను, నీ ఆరో మాట అదే కదా: "సమాప్తమైనది."

నువ్వు ఒక సంగతి చెప్పడానికి సిద్ధపడి ఉంటావు, నాకు తెలుసు. ఆ మాట గ్రీకులో 'తెతెలెస్తాయి', పాత రోజుల్లో అప్పు తీరితే రసీదు మీద అలాగే రాసేవారు అని. సగం మంది బోధకులు చెప్తారు. నేనూ పదేళ్ళు చెప్పాను. ఆ రసీదుల్లో ఉన్న పొట్టి అక్షరాలు వేరే మాటవని పండితులు వాదిస్తున్నారు. తేలని సంగతి మీద గోడ కట్టకు. దాని అవసరం కూడా లేదు. బైబిల్లో పౌలు రాసిన కొలొస్సయి పత్రిక 2:14 తియ్యి. మన మీద ఋణంగా ఉన్న పత్రాన్ని దేవుడు మేకులతో సిలువకు కొట్టి, దాని మీది చేవ్రాతను తుడిచేశాడని ఉంటుంది. అక్కడ పౌలు వాడిన గ్రీకు మాటకి చేత్తో రాసిచ్చిన కాగితం అని అర్థం. ముక్కుసూటిగా చెప్పాలంటే ప్రామిసరీ నోటు.

నోటు అంటే మన డెల్టాలో ఎవరికి చెప్పాలి! మా నాన్న నాలుగెకరాలు కౌలుకి చేసేవాడు. ఒక ఏడాది పంట మునిగి ఊళ్ళో ఒక ఆసామి దగ్గర నోటు రాశాడు, నూటికి రెండు రూపాయల వడ్డీ. మూడేళ్ళు దాటితే నోటు చెల్లదు కదా, అందుకని గడువు దగ్గరపడేసరికి ఆయన కబురు పెట్టేవాడు. వడ్డీ అసల్లో కలిపి నోటు తిరగరాయించేవాడు. నాన్న అలా మూడుసార్లు తిరగరాశాడు. ఆయన మా వీధిలోకి వస్తుంటే నాన్న పెరటి గుమ్మంలోంచి గట్టు మీదికి వెళ్ళిపోయేవాడు. "ఇంట్లో లేరండి" అని చెప్పడం నా పని. నాకు అబద్ధం నేర్పింది మా నాన్న కాదు, ఆ కాగితం.

చివరికి అమ్మ పుస్తెలతాడు, రెండు గేదెలు పోయాక అప్పు తీరింది. నోటు వెనక్కి తీసుకుని, స్టాంపు మీద సంతకం ఉన్న చోట అడ్డంగా చించి ఇంటికి తెచ్చాడు. వసారాలో తలుపు పక్కన కరెంటు బిల్లులు గుచ్చే మేకు ఒకటుండేది. దానికి గుచ్చాడు. పొయ్యిలో పడెయ్యొచ్చుగా అంది అమ్మ. "ఉండనీ, వచ్చేపోయేవాళ్ళు చూడనీ" అన్నాడు. ఆ రోజు నుంచి నాన్న వీధి గుమ్మంలోంచి నడిచాడు.

కొలొస్సయి పత్రికలో ఆ వచనం చదివినప్పుడల్లా నాకు ఆ మేకే కనపడుతుంది. నువ్వు నా కథ చెప్పకు, నీది చెప్పు. నీ సంఘంలో పెరటి గుమ్మంలోంచి తిరిగేవాళ్ళు ఎవరో నీకు తెలిసుండాలి. చెల్లెలి వాటా రాయించుకున్న అన్న ఉంటాడు. చచ్చిపోయిన తండ్రితో చివరి రెండేళ్ళు మాట్లాడనివాడు ఉంటాడు, ఇప్పుడు తీర్చడానికి ఆ మనిషే లేడు. అలాంటివాడికి 'సమాప్తమైనది' అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

ఒక జాగ్రత్త. అప్పంతా తీరిపోయిందని ఓసారి గట్టిగా చెప్పి దిగాను. ఒక రైతు నవ్వుతూ వచ్చి, "మరి మీ సంఘపెద్ద నాకివ్వాల్సిన కౌలు బస్తాలో అయ్యగారూ?" అన్నాడు. దేవుడి దగ్గర తీరింది కదా అని పొరుగువాడిది ఎగ్గొట్టమని కాదు. పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు, లూకా సువార్త 19. అది కూడా ఒక వాక్యంలో అయినా చెప్పు.

ఇంకో సంగతి. హెబ్రీ పత్రిక 13లో యేసు "గవినివెలుపట", అంటే ఊరి గుమ్మం బయట, శ్రమపడ్డాడని ఉంది. సిలువ రోమావాళ్ళు బానిసలకీ తిరుగుబాటుదార్లకీ వేసే శిక్ష. నొప్పి ఎంతో, అవమానం అంత. ఊరి బయట, దారిన పోయేవాళ్ళు చూసేలా. 1836లో ఇంగ్లండ్ నుంచి బయల్దేరిన బౌడెన్, బీర్ దొరలు నరసాపురం, పాలకొల్లు చుట్టూ తిరిగి చెప్పిన సువార్త ఎక్కువగా ఎక్కడ వేళ్ళూనుకుంది? దళితుల పేటల్లో. ఊరి బయట ఉండడం అంటే ఏంటో వాళ్ళకి విడమరిచి చెప్పాల్సిన పని లేదు. మా తాతకి బావి దగ్గర నీళ్ళు పైనుంచి పోసేవారు. దేవుడు కూడా గవిని బయటే చచ్చిపోయాడని విని ఆయన లేచి నిలబడ్డాడట. ఈ సంగతి ఇప్పుడు పెద్ద గుళ్ళలో ఎవరూ ఎత్తరు, మనకి ఏసీలొచ్చాయి.

రక్తం, కొరడాలు సినిమాలా వర్ణించకు. ముప్పై తొమ్మిది దెబ్బలని లెక్క చెప్తారు, సువార్తల్లో ఆ లెక్క లేదు. సిలువ వేసిన సంగతి నలుగురు సువార్తికులూ రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నారు. అలాగే, సిలువని నమ్మితే రొయ్యల చెరువుకి తెల్లమచ్చ తెగులు రాదు, వీసా వస్తుంది అని మాట ఇవ్వకు. చెరువు పోయినవాడు వచ్చే ఏడు గుడికి రాడు, తప్పు వాడిది కాదు.

ఏడుగురు మాట్లాడే కూటం. నీ వంతు వచ్చేసరికి రెండు దాటుతుంది. ఉపవాసం ఉన్నవాళ్ళు, ఎండ, ఉక్క, పిల్లల ఏడుపు. పదిహేను నిమిషాలంటే పన్నెండుకే దిగు. బుధవారం లోపు మూడిళ్ళకి వెళ్ళు. బైబిలు సంచిలోనే ఉంచు, కూర్చుని విను. వాళ్ళు పెట్టిన టీ తాగు. ఆ తర్వాతే నోట్సు రాసుకో. ఇప్పటికే రాసుకుని ఉంటే పక్కన పెట్టు.

మీ అత్త వస్తానంటోంది, ఎండకి తట్టుకోగలదో లేదో. నేను మాత్రం వస్తాను, వెనక వరసలో ఫ్యాను కింద కూర్చుంటా. మైకు సరిగా లేకపోతే చెయ్యెత్తుతాను, కంగారుపడకు.

మీ మామయ్య