ఒకే పోర్ట్‌లో రెండు తంటాలు

ప్రశ్న: మా పాత ప్లేస్టేషన్ 2 గేమ్ కన్సోల్‌లో ఒకటో పోర్ట్‌కి పెట్టిన కంట్రోలర్ కాసేపు పనిచేసి ఆగిపోతోంది. పైన పెట్టిన మెమరీ కార్డ్ (ఆట ఎంతవరకు ఆడామో దాచేది) అసలు కనిపించడం లేదు. రెండూ కొత్తవి కొనాలా అండీ?

జవాబు: అప్పుడే పర్సు తీయకండి! రెండూ ఒకేసారి పాడవడం అరుదు. ఒక్కోసారి పైనున్న కార్డ్ చెడితే దాని పాపం కింది కంట్రోలర్‌కీ చుట్టుకోవచ్చు. ముందు కార్డ్ తీసేసి కంట్రోలర్ ఒక్కటే పెట్టి చూడండి. బాగానే ఆడితే అనుమానం కార్డ్ మీదే. అప్పటికీ ఆగిపోతుంటే రెండింటినీ రెండో పోర్ట్‌కి మార్చండి, అక్కడ చక్కగా పనిచేస్తే తప్పు ఒకటో పోర్ట్‌ది.

పవర్ తీగ పీకేసి టార్చ్ వేసి పోర్ట్ లోపలికి చూడండి, పిన్ ఏదైనా వంగిందా, దుమ్ము పేరుకుందా అని. కార్డ్ అంచున మెరిసే కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాస్త తడిపిన ఇయర్ బడ్‌తో మెల్లగా తుడిచి, పూర్తిగా ఆరాకే పెట్టండి. నోటితో ఊదడం మాత్రం వద్దు, తేమ చేరుతుంది.

కార్డ్ కనిపించగానే డిస్క్ లేకుండా ఆన్ చేసి, తెరపై వచ్చే కన్సోల్ మెనూలోని 'బ్రౌజర్'లోకి వెళ్లి సేవ్‌లన్నీ (దాచిన ఆటలన్నీ) వేరే కార్డ్‌లోకి కాపీ చేసుకోండి (కొన్ని గేముల సేవ్‌లు కాపీ కావు). ఒకవేళ అది పాత ప్లేస్టేషన్ 1 కార్డ్ అయితే, అందులో ప్లేస్టేషన్ 2 గేములు సేవ్ కావు. మధ్యలో ఫార్మాట్ చేయమంటావా అని అడిగితే కంగారులో 'అవును' నొక్కేయకండి, ఉన్నవన్నీ పోతాయి.