ఎక్స్‌17 ప్రోటాన్‌ను ఎందుకు పట్టించుకోదు?

మీ సందేహం: 17 ఎంఈవీ (కణాల ద్రవ్యరాశి చెప్పే శక్తి ప్రమాణం) బరువున్న కొత్త కణం ఎక్స్‌17 నిజమైతే దాన్ని డార్క్ ఫోటాన్ (కాంతి కణమైన ఫోటాన్‌ను పోలిన ఊహాత్మక కణం) అంటే సరిపోదా, ఈ "ప్రోటాన్ అంటే గిట్టని" బలం ఎందుకని. నాకూ మొదట ఇది అతుకుల బొంతలాగే అనిపించింది.

డార్క్ ఫోటాన్ మామూలు ఫోటాన్‌తో కొద్దిగా కలిసిపోతుంది కాబట్టి దేనితోనైనా దాని విద్యుదావేశాన్ని బట్టే బంధం పెట్టుకుంటుంది. చిక్కంతా తటస్థ పయాన్ (క్వార్క్‌లతో అయిన, ఆవేశం లేని అల్పాయుష్షు కణం) దగ్గర. అది ఒక ఫోటాన్‌గా, ఒక ఎక్స్‌17గా విడిపోవాలి కదా; యూరప్ కణభౌతిక ప్రయోగశాల సెర్న్‌లోని ఎన్ఏ48/2 ప్రయోగం వెతికితే కనబడలేదు. ఆ విఘటన బలం ఎంతో లెక్క వేస్తే వచ్చేది: అప్ క్వార్క్ కొత్త ఆవేశానికి (విద్యుదావేశం కాదు, ఎక్స్‌17తో బంధం ఎంత బలమో చెప్పేది) రెండింతలు, దానికి డౌన్ క్వార్క్‌ది కలపాలి. రెండు అప్‌లు, ఒక డౌన్... అంటే అచ్చంగా ప్రోటాన్! పయాన్ నోరు మూయించాలంటే ప్రోటాన్ కొత్త ఆవేశం దాదాపు సున్నా కావాలి, న్యూట్రాన్‌ది మాత్రం మిగలాలి. ప్రోటాన్‌ది న్యూట్రాన్‌దానిలో సుమారు 8 శాతం దాటకూడదు.

దీన్ని కట్టే ఒక దారి: బేరియాన్ సంఖ్యకు (ప్రోటాన్‌కు, న్యూట్రాన్‌కు ఒకటి చొప్పున, ఎలక్ట్రాన్‌కు సున్నా) ఒక బలం ఇచ్చి, దాన్ని ఫోటాన్‌తో వ్యతిరేక గుర్తుతో కలపడం. ప్రోటాన్‌లో రెండూ కొట్టేసుకుంటాయి, న్యూట్రాన్‌లో బేరియాన్ భాగం నిలుస్తుంది, ఎలక్ట్రాన్‌కు కలయిక భాగం దక్కుతుంది. బేరియాన్ బదులు బీ మైనస్ ఎల్ (బేరియాన్ సంఖ్యలోంచి ఎలక్ట్రాన్, న్యూట్రినో వంటి లెప్టాన్ల సంఖ్య తీసేస్తే వచ్చేది) తీసుకుంటే న్యూట్రినోలు అడ్డం పడతాయి, అవి ఎలక్ట్రాన్లను ఢీకొనే ప్రయోగాల పరిమితులు చాలా కఠినం.

సిద్ధాంతం బాగానే ఉంది కానీ, 2016లో బెరీలియం-8 కేంద్రకంలో ఎక్స్‌17ను సూచించే అసాధారణ సంకేతం ప్రకటించాక, 2024లో ఎంఈజీ-2 ప్రయోగం అదే కేంద్రక చర్యను మళ్లీ చూస్తే స్పష్టమైన ఆధారం దొరకలేదు.